ఏజెంటును పిలిచింది నేను, కమీషన్ కట్టింది వాళ్లు

2022 జనవరి, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు. మహబూబ్‌నగర్‌లో ఏనుగొండ వైపు ఉన్న మా ఇంటి తాళాలు కొత్తగా కిరాయికి వచ్చినవాళ్ల చేతిలో పెట్టి, మర్చిపోయిన మోటరు గది తాళం కోసం మళ్లీ లోపలికి వెళ్లి వచ్చేసరికి గేటు ముందు ఇళ్లు చూపించే ఏజెంటు బండి మీదే కూర్చొని ఉన్నాడు. కిరాయికి దిగిన అబ్బాయి నిలబడి ఐదు వందల నోట్లు లెక్కపెడుతున్నాడు. ఒకసారి లెక్కపెట్టాడు, సరిపోయిందో లేదో అని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. పదహారు నోట్లు. పక్కన వాళ్ల ఆవిడ, పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు, నేనిచ్చిన తాళాల గుత్తిని రెండు చేతులతో పట్టుకొని ఆ నోట్లనే చూస్తోంది. ఏజెంటు వాటిని చొక్కా జేబులో పెట్టుకొని, నన్ను చూసి "అయిపోయింది మేడం, ఇక మీకేం టెన్షన్ లేదు" అని బండి స్టార్ట్ చేశాడు.

ఆ ఎనిమిది వేలు ఒక నెల కిరాయి. అప్పటికే నాకు రెండు నెలల అడ్వాన్స్ పదహారు వేలు, మొదటి నెల కిరాయి ఎనిమిది వేలు ఇచ్చారు. అంటే ఇంట్లో పాలు పొంగించకముందే ముప్పై రెండు వేలు ఖర్చు. వాళ్లకు పెళ్లయి ఏడాది కాలేదు. గ్యాస్ కనెక్షన్ మార్పించుకోవాలి, బోళ్లు కొనుక్కోవాలి, అబ్బాయి రోజూ జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌కు డ్యూటీకి పోయి రావాలి. ఆ ఏజెంటుకు ఫోన్ చేసింది నేను. మా ఇల్లు చూపించమన్నది నేను. డబ్బులు కట్టింది వాళ్లు. ఆ నిమిషంలో నాకు అది తప్పుగా కూడా అనిపించలేదు, ఎందుకంటే మా దగ్గర అందరూ అలాగే చేస్తారు.

తప్పు అని తెలిసింది వారం తర్వాత, అదీ నా మీదికి వచ్చాక. నేను ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. 2021 డిసెంబర్‌లో వచ్చిన 317 జీవో గురించి టీచర్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కొత్త జిల్లాలకు సీనియారిటీ లెక్కన ఉద్యోగుల్ని సర్దారు, నాకు నాగర్‌కర్నూల్ జిల్లా వచ్చింది. పిల్లలు చిన్నవాళ్లు, రోజూ పోయి రావడం నా వల్ల కాదు. అందుకే ఇక్కడి ఇల్లు కిరాయికి ఇచ్చి అక్కడ కిరాయికి దిగాం. పుష్యమాసం, శూన్యమాసంలో ఇల్లు మారొద్దని అత్తమ్మ ఎంత చెప్పినా, జాయినింగ్ తేదీ మాసాలు చూసి రాదు కదా. నాలాంటివాళ్లు ఆ నెలలో ఎంతమంది ఇళ్ల కోసం తిరిగారో! టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ఓనరు ఎత్తడు, ఏజెంటు ఎత్తుతాడు. ఆయన మూడు ఇళ్లు చూపించాడు. రెండింటికి అప్పటికే మాట ఇచ్చేశారట, మూడోది ఆరు వేల కిరాయి. రెండు గంటల పని. ఆరు వేలు కమీషన్ ఇచ్చాను. ఇంటాయన చాలా మంచిమనిషి, చాయ్ తాగిస్తూ మామూలుగానే చెప్పాడు: "మాకేం ఖర్చు లేదమ్మా, అంతా అతనే చూసుకుంటాడు." ఆ మాట వినగానే మా గేటు ముందు పదహారు నోట్లు లెక్కపెట్టిన అబ్బాయి గుర్తొచ్చాడు. ఇక్కడ నేను ఆ అబ్బాయిని, అక్కడ నేను ఈ ఇంటాయనను. ఒకే నెలలో రెండు వైపులా నిలబడ్డాను కాబట్టే ఇదంతా రాయాలనిపించింది.

ఒక్కసారి ఆలోచించండి, ఏజెంటు ఎవరి పని చేశాడు? మా ఇంటి తాళం ఆయన దగ్గర ఉంది, నేను నాగర్‌కర్నూల్‌లో స్కూల్లో ఉంటే ఆయనే తలుపు తీసి చూపించాడు. వచ్చినవాళ్లు ఎంతమంది, ఏం ఉద్యోగం, జీతం ఎప్పుడు పడుతుంది, బంధువులు ఎక్కువగా వస్తారా, అన్నీ ఆయనే అడిగాడు. ఎవరి కోసం? నా కోసం. కిరాయి ఏడు వేల ఐదు వందలకు తగ్గించమని ఆ అమ్మాయి అడిగితే "మేడం ఒప్పుకోదు" అని నన్ను అడగకుండానే చెప్పేశాడు. అది కూడా నా కోసమే. వాళ్లు డబ్బులిచ్చి పెట్టుకున్న మనిషి వాళ్ల ముందే వాళ్లకు ఎదురుగా బేరం చేశాడు. కాంట్రాక్టు చట్టం మనకు 1872 నుంచి ఉంది, అందులో ఏజెంటు అంటే ఇంకొకరి తరఫున పని చేయడానికి నియమితుడైనవాడు అనే ఉంటుంది. నియమించింది ఎవరో తెలిసినప్పుడు జీతం ఎవరివ్వాలో తెలియడానికి పెద్ద చదువు అవసరం లేదు. పెళ్లికి వంటమనిషిని మనం పిలిచి, కూలి భోజనానికి వచ్చినవాళ్లను ఇమ్మంటామా?

ఇంకో మాట చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. ఫోన్‌లో ఆయన అందరినీ అడిగే మొదటి ప్రశ్న "మీరేమిటోళ్లు?" అని. నేను అడగమనలేదు, వద్దని కూడా చెప్పలేదు. చాలామంది ఓనర్లు అడగమంటారు కాబట్టి ఆయన అలవాటుగా అడుగుతాడు. కులం చెప్పుకొని, మతం చెప్పుకొని, ఇంట్లో మాంసం వండుతారో లేదో చెప్పుకొని, చివరికి ఇల్లు దొరికితే ఆ ప్రశ్నలు అడిగినవాడికే నెల కిరాయి కట్టాలి. ఒకతను రెండుసార్లు వచ్చి ఇల్లు చూసి, బాగుందని చెప్పి, ఆ ప్రశ్న తర్వాత మళ్లీ రాలేదట. అది నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మన పని మనం డబ్బులిచ్చి చేయించుకుంటే కనీసం ఏం అడగాలో, ఏం అడగకూడదో మనం చెప్పగలం. ఊరికే చేస్తున్నాడు కదా అనుకున్నప్పుడు నోరు రాదు, నాకూ రాలేదు.

ఇక ఊరికే చేయించుకున్న పని నాకు ఎంతకు పడిందో చెప్తాను. మన దగ్గర అగ్రిమెంట్ ఎప్పుడూ పదకొండు నెలలకే రాసుకుంటాం. ఓనర్లకు అది ఒక కాగితం, అయిపోతే ఇంకో బాండ్ పేపరు మీద రాసుకుంటాం. ఏజెంటుకు మాత్రం అది క్యాలెండర్‌లో రాసిపెట్టుకునే తేదీ. నవంబర్‌లో మా పదకొండు నెలలు నిండుతుండగా ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మేం ఖాళీ చేస్తున్నాం, ఏమనుకోకండి. అన్న ఫోన్ చేసి చెప్పిండు, ఆసుపత్రికి దగ్గర్ల ఉందట, కిరాయి వెయ్యి తక్కువట." ఏ అన్న అని అడిగాను. అదే అన్న. మా ఇంట్లో దింపిన ఆయనే మా ఇంట్లోంచి తీసి ఇంకో ఇంట్లో పెట్టాడు, వాళ్ల దగ్గర ఇంకో ఏడు వేలు తీసుకున్నాడు. తర్వాత రోజే నాకు ఫోన్: "మేడం, పోర్షన్ ఖాళీ అవుతుందట కదా, ఇంకో మంచి పార్టీని తీసుకొస్తా, మీరేం ఇయ్యక్కర్లేదు."

మంచి పార్టీ రాలేదు. డిసెంబర్ ఖాళీ. జనవరిలో సంక్రాంతి, శూన్యమాసం, ఎవరూ రాలేదు. మాఘం వచ్చాక గానీ ఇంట్లో దీపం వెలగలేదు. రెండు నెలల కిరాయి పదహారు వేలు పోయింది, సున్నం వేయించినందుకు ఇంకో ఆరు వేలు. అటు నాగర్‌కర్నూల్‌లో నా కిరాయి, ఇటు ఇంటి లోను కిస్తీ, ఆ రెండు నెలలు ఎలా గడిచాయో ఇంట్లోవాళ్లకే తెలుసు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, నైట్ డ్యూటీలు చేసే మనిషి ఆసుపత్రికి దగ్గరగా ఉండాలనుకోవడంలో తప్పేముంది. ఏజెంటు మీద కోపం వచ్చింది, కానీ ఎక్కువ రోజులు ఉండలేదు. ఇల్లు చేతులు మారితేనే ఆయన ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నేను ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఆయన నాకు ఎందుకు కట్టుబడి ఉండాలి? ఎవరి డబ్బు తింటాడో వాళ్ల పని కూడా చేయలేదు నిజానికి, ఇల్లు మారిన ప్రతిసారీ వచ్చే కమీషన్ కోసం పని చేశాడు. అలా చేసేలా పెట్టింది మనమే.

2023 జనవరిలో నేను ఇంకో ఏజెంటుతో మాట్లాడాను. మెట్టుగడ్డ దగ్గర చిన్న జిరాక్స్ షాపు పెట్టుకొని, పక్కన ఈ పని కూడా చేస్తాడు. "కమీషన్ నేనిస్తాను, వచ్చేవాళ్ల దగ్గర పైసా తీసుకోవద్దు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మేడం, మీరు ఇయ్యడమేంది, ఇస్తే ఎంతిస్తరు?" అన్నాడు. అప్పుడు మొదటిసారి బేరం చేశాను. అసలు విషయం ఇక్కడే ఉంది. కిరాయికి వచ్చేవాళ్లు బేరం చేయలేరు, ఎందుకంటే వాళ్లకు నచ్చిన ఇల్లు ఆ ఒక్క ఏజెంటు చేతిలోనే ఉంటుంది, ఆయన అడిగింది ఇవ్వాలి, లేకపోతే ఇంకో ఇల్లు చూసుకోవాలి. ఓనరు మాత్రం నలుగురు ఏజెంట్లను అడగొచ్చు, నచ్చకపోతే టు-లెట్ బోర్డు తానే కట్టుకోవచ్చు. నేను ఇద్దరిని అడిగాను, అంతే, నెల కిరాయి కాస్తా సగం నెల అయింది. నాలుగు వేలు. అందులో రెండు వేలు వాళ్లు దిగిన రోజు, మిగతా రెండు వేలు ఆరు నెలలు ఉన్నాక. ఆ రెండో షరతు విని నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు. ఇంకో షరతు కూడా పెట్టాను, కులం అడగొద్దని. దానికి నవ్వలేదు, సరే అన్నాడు.

అంతా సాఫీగా జరిగిందని అబద్ధం చెప్పను. ఆ వచ్చిన కుటుంబం పాలు పొంగించిన రోజు నేను వెళ్తే, వాళ్ల పెద్దావిడ మాటల్లో "ఏజెంటు బాబుకు వెయ్యి ఇచ్చినం, చాయ్ పైసలని అడిగిండు" అంది. షాపుకు పోయి అడిగాను. ముందు లేదన్నాడు, తర్వాత వాళ్లే సంతోషంగా ఇచ్చారన్నాడు. సంతోషంగా ఇచ్చినా వద్దు, మన మాట అది కాదు కదా తమ్ముడూ అన్నాను. సాయంత్రానికి తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ అలా చేయలేదు. ఆగస్టులో గుర్తుపెట్టుకొని మిగతా రెండు వేలు ఫోన్‌పేలో పంపితే, తిరిగి ఫోన్ చేసి "నిజంగనే పంపిన్రు మేడం" అన్నాడు. ఆ గొంతు వింటే బాధనిపించింది. పది ఇళ్లు చూపిస్తే ఒకటి కుదిరే పని అది, పెట్రోలు ఆయనది, ఫోన్ బిల్లు ఆయనది, మిట్టమధ్యాహ్నం ఎండలో గేట్ల ముందు నిలబడేది ఆయన. కమీషన్ తీసుకోవద్దని నేను ఎప్పుడూ అనను. పని చేసిన మనిషికి కూలి దక్కాలి, అది పని చెప్పినవాళ్ల దగ్గర నుంచి దక్కాలి.

ఇది మా వీధిలో తెలిసినప్పుడు పెద్ద గొడవే అయింది. పక్కింటి పెద్దమ్మకు నాలుగు పోర్షన్లు ఉన్నాయి, మొహం మీదే అడిగింది: "నువ్వు ఇస్తే రేపు మమ్మల్ని కూడా అడుగుతరు కదా టీచరమ్మా?" అడగాలనే నా కోరిక. ఎదురింటి సార్ మాత్రం గట్టి ప్రశ్నే వేశాడు. ఓనరు కమీషన్ ఇస్తే దాన్ని కిరాయిలో కలిపేస్తాడు, చివరికి కట్టేది కిరాయిదారే, దీనికోసం ఇంత హడావుడి ఎందుకు అన్నాడు. కొంతమంది కలుపుతారు, కాదనను. కానీ లెక్క వేయండి. నాలుగు వేలను పన్నెండు నెలలకు సర్దితే నెలకు మూడు వందల ముప్పై చిల్లర. నెలనెలా జీతంలోంచి అది ఇవ్వడం వేరు, అడ్వాన్సూ మొదటి కిరాయీ లారీ ఖర్చూ అన్నీ ఒకేసారి మీద పడ్డ రోజున ఎనిమిది వేలు తీసి ఇవ్వడం వేరు. రెండోదానికి చాలామంది అప్పు చేస్తారు, చిట్టీ ముందే ఎత్తుతారు, మెడలోది కుదువ పెడతారు. పైగా పక్క వీధిలో అదే ఇల్లు ఏడున్నరకు దొరుకుతుంటే నేను ఎనిమిదిన్నర చెప్పలేను, కిరాయి అనేది నా ఇష్టం ఒక్కటే కాదు. ఇంకొకటి, నేను కమీషన్ ఇచ్చానంటే, వచ్చినవాళ్లు ఎక్కువ రోజులు ఉంటేనే నాకు లాభం. కుళాయి కారుతోందంటే అదే రోజు మనిషిని పంపుతాను. ఇదివరకు పంపేదాన్ని కాదు, ఆ నర్సమ్మాయి రెండుసార్లు చెప్తే గానీ వాష్ బేసిన్ బాగు చేయించలేదు. ఆమె వెళ్లిపోవడానికి అది కూడా ఒక కారణమేనేమో.

మా తమ్ముడి కొడుకు జర్మనీలో చదువుకుంటున్నాడు, వాడితో ఈ విషయం మాట్లాడుతుంటే అక్కడ 2015 జూన్ నుంచే చట్టం ఉందని చెప్పాడు, ఏజెంటును ఎవరు పిలిస్తే వాళ్లే డబ్బులివ్వాలి. ఏజెంట్లు కోర్టుకు పోయినా చట్టం నిలబడింది. ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1 నుంచి కిరాయిదారుల దగ్గర ఏజెంట్లు అలాంటి ఫీజులు తీసుకోకూడదు. న్యూయార్క్ నగరంలో 2025 జూన్ 11 నుంచి ఓనరు పెట్టుకున్న ఏజెంటుకు ఓనరే ఇవ్వాలి. మూడూ జూన్‌లోనే మొదలయ్యాయి. మన దగ్గర కూడా బళ్లు తెరిచే జూన్‌కే కదా సగం ఊరు ఇళ్లు మారేది! మనకు మాత్రం ఆ ఊసు లేదు. 2016లో వచ్చిన రెరా అనే రియల్ ఎస్టేట్ చట్టంలో ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలని ఉంది, అది ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మేవాళ్లకు, కిరాయికి ఇళ్లు చూపించేవాళ్లకు కాదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా కిరాయి చట్టంలో ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలలకు మించొద్దని రాశారు, మంచిదే, కానీ అది రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని కాదిది, ఓనరు ఒక్క మాట అంటే అయిపోతుంది.

కిరాయిదారే పోయి ఏజెంటును పెట్టుకుంటే సంగతి వేరు. నల్లగొండలో నా స్నేహితురాలు ఉంది, వాళ్లాయన మెడికల్ కాలేజీలో చేరినప్పుడు ఇద్దరూ వరంగల్ నుంచి రావాలి, వెతికే తీరిక లేదు, రామగిరి దగ్గర కింది పోర్షనే కావాలి, కారు పెట్టుకునే చోటు ఉండాలి, ఇలా నాలుగైదు కోరికలు చెప్పి ఒకతనికి పని అప్పగించారు. వాళ్లు డబ్బులివ్వడం న్యాయమే, వాళ్ల కోసం తిరిగాడు. అయితే అదే మనిషి ఓనరు దగ్గర కూడా సగం నెల తీసుకున్నాడని తర్వాత తెలిసింది. రెండు చేతులా తీసుకున్నవాడు కిరాయి ఎవరి కోసం బేరం చేసినట్టు? ఇది నాకు ఒక వైపే తీసుకోవడం కంటే పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

2023 ఫిబ్రవరిలో దిగిన ఆ కుటుంబం ఇన్నాళ్లూ మా ఇంట్లోనే ఉంది. ఒక్క నెల కూడా ఇల్లు ఖాళీగా లేదు. ఇప్పుడు వాళ్ల అబ్బాయి ఇంజనీరింగ్ కోసం హైదరాబాద్ మారుతున్నారు, పోయిన ఆదివారం పెద్దావిడ మామిడికాయ తొక్కు డబ్బా ఇచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. జిరాక్స్ షాపు తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, ఈసారి ఐదు వేలు, షరతులు అవే. గేటుకు కట్టే టు-లెట్ బోర్డు మీద నంబరు కింద ఒక లైను కొత్తగా రాయించాను: ఏజెంటు కమీషన్ ఓనరే ఇస్తారు. బోర్డు కట్టిన సాయంత్రమే ఒకాయన ఫోన్ చేశాడు. కిరాయి ఎంత, నీళ్లు వస్తాయా అని అడగలేదు. "అది నిజమేనా మేడం, తర్వాత మళ్లీ అడగరు కదా?" అన్నాడు. అడగం అన్నాను. శనివారం ఇల్లు చూడడానికి వస్తున్నారు.